గుడివాడ బడి నుంచి పోఖ్రాన్ ఇసుక దాకా: అణుబాంబు కథలో మన డెల్టా మనుషులు

ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దది, తీరిగ్గా చూడండి.

హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ పేరు వినని వాళ్లు ఉండరు. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ బస్సెక్కి ఆ స్టాప్ దాటినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. అయితే ఈ ఏఎస్ రావు ఎవరు అని అడిగితే ఎంతమంది చెప్పగలం? రియల్ ఎస్టేట్ ఆయన అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. కాదండీ. మన దేశపు మొట్టమొదటి అణు రియాక్టర్‌కి కంట్రోల్ సిస్టమ్ కట్టించిన ఇంజనీర్ ఆయన. ఊరు భీమవరం పక్కన మోగల్లు.

అణుబాంబు అనగానే మనకి ఓపెన్‌హైమర్, ఐన్‌స్టీన్, మన దగ్గరికొస్తే హోమీ భాభా, రాజా రామన్న, ఇంకొంచెం ముందుకొస్తే కలాం గుర్తొస్తారు. ఆ కథ దగ్గర్లోనే మన కృష్ణా, గోదావరి డెల్టా నుంచి వెళ్లిన ముగ్గురు మనుషులు పనిచేశారు. ఒకాయన సన్యాసి. ఒకాయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్. ఇంకొకాయన గుడివాడలో బడికెళ్లి, తర్వాత డీఆర్‌డీఓకి అధిపతి అయిన మనిషి. ముందే ఒక మాట చెప్తున్నా. ఈ ముగ్గురిలో ఎవరూ బాంబు తయారుచేసినవాళ్లు కాదు. "అణుబాంబు కనిపెట్టింది మనవాడే" అని వాట్సాప్‌లో పెట్టుకోవడానికి ఇది పనికిరాదు. కానీ బాంబు అసలు ఎలా పుడుతుంది, దానికి ఏమేం కలవాలి అనేది ఈ ముగ్గురి జీవితాలు చూస్తే బాగా అర్థమవుతుంది.

బాంబుకి మూడు కావాలి. ఒకటి విద్య, రెండు సరుకు, మూడు నిర్ణయం. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు విద్య

1938 డిసెంబర్. బెర్లిన్‌లో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అనే ఇద్దరు కెమిస్టులు యురేనియం మీదకి న్యూట్రాన్లు పంపిస్తే బేరియం కనిపించింది. యురేనియం అంత బరువైన దాంట్లోంచి బేరియం ఎలా వస్తుంది? దీన్ని విడమరిచి చెప్పింది లీజ్ మైట్నర్, ఆవిడ అక్క కొడుకు ఓటో ఫ్రిష్. కేంద్రకం రెండు ముక్కలవుతోంది అన్నారు. మనం టెన్త్‌లో కేంద్రక విచ్ఛిత్తి అని బట్టీ పట్టింది ఇదే, ఇంగ్లిష్ మీడియం వాళ్లకి ఫిషన్. ముక్కలైనప్పుడు బోలెడంత శక్తి వస్తుంది, దాంతో పాటు రెండు మూడు కొత్త న్యూట్రాన్లు బయటికొస్తాయి. ఆ న్యూట్రాన్లు పక్క కేంద్రకాల్ని కొడతాయి. దీపావళికి సీమటపాకాయల దండ కాలుస్తాం కదా, ఒకటి అంటుకుంటే పక్కది అంటుకున్నట్టు. తేడా ఏంటంటే ఇక్కడ ఒకటి రెండింటిని, రెండు నాలుగింటిని అంటిస్తాయి. సెకనులో పది లక్షల వంతు కాలంలో మొత్తం అయిపోతుంది.

ఇందులో రహస్యం ఏమీ లేదని గమనించండి. అప్పటికి ఇదంతా జర్నల్స్‌లో అచ్చయింది. ప్రపంచంలో ఏ ఫిజిక్స్ ప్రొఫెసర్ అయినా చదువుకోవచ్చు.

మన మొదటి మనిషి ఇక్కడే వస్తాడు. పేరు స్వామి జ్ఞానానంద. పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో పుట్టారు, ఊరు గొరగనమూడి. మ్యాప్‌లో చూస్తే గొరగనమూడి, ఇందాక చెప్పిన మోగల్లు, రెండూ పాలకోడేరు మండలంలోనే ఉంటాయి. ఇప్పుడు అది పశ్చిమ గోదావరి. కానీ 1904 నుంచి 1925 వరకు ఆ భీమవరం ప్రాంతమంతా కృష్ణా జిల్లాలోనే ఉండేది. అంటే ఆ రోజుల్లో వాళ్లకి కూడా జిల్లా కేంద్రం మన బందరే.

ఈయన ఇల్లు వదిలి హిమాలయాలకి వెళ్లి ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. 1920ల చివర్లో జర్మనీ వెళ్లారు. అక్కడ కొత్త ఫిజిక్స్ మీద మనసు పడింది. ముప్పై ఏళ్లు దాటిన సన్యాసి మళ్లీ స్టూడెంట్ అయ్యాడు. డ్రెస్డెన్, ఆ తర్వాత ప్రేగ్‌లో ఎక్స్ కిరణాల మీద పరిశోధన, డాక్టరేట్. అక్కడి నుంచి ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ యూనివర్సిటీ.

లివర్‌పూల్‌లో ఆయన పనిచేసింది జేమ్స్ చాడ్విక్ దగ్గర. 1932లో న్యూట్రాన్‌ని కనిపెట్టి, 1935లో నోబెల్ అందుకున్న చాడ్విక్. అంటే ఆ సీమటపాకాయకి అగ్గిపుల్ల కనిపెట్టిన మనిషి. జ్ఞానానంద చేసింది బీటా కిరణాల శక్తిని కొలిచే పని. అది శుద్ధమైన ప్రయోగ భౌతికశాస్త్రం, బాంబు పని కాదు.

తర్వాత యుద్ధం వచ్చింది. 1940 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఫ్రిష్, రుడాల్ఫ్ పైయర్ల్స్ అనే ఇద్దరు శరణార్థి శాస్త్రవేత్తలు కొన్ని పేజీల నోట్ రాశారు. బాంబుకి టన్నుల కొద్దీ యురేనియం అక్కర్లేదు, సరైన రకం దొరికితే కిలోల లెక్కలో సరిపోతుంది అనేది దాని సారాంశం. ఆ ఏడాదే ఫ్రిష్ లివర్‌పూల్‌కి వచ్చి చాడ్విక్ ల్యాబ్‌లో చేరాడు. ఇది జరిగి తీరుతుందని చాడ్విక్‌కి 1941లో అర్థమైంది. అప్పటి నుంచి నిద్రమాత్రలు వేసుకోక తప్పలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అమెరికాలో మన్‌హట్టన్ ప్రాజెక్టుకి వెళ్లిన బ్రిటిష్ బృందానికి నాయకుడు కూడా ఆయనే.

మన స్వామి ఏం చేశారు? యుద్ధకాలంలో అమెరికాలో మిచిగాన్ యూనివర్సిటీకి వెళ్లి చదువూ పరిశోధనా కొనసాగించారు. హై వాక్యూమ్ మీద ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం రాశారు. గాలి పూర్తిగా తీసేసిన గొట్టం లేకపోతే అణువుల మీద ఏ కొలతా కుదరదు కాబట్టి ల్యాబుల్లో అది ముఖ్యమైన విద్య. స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరారు. 1950ల్లో విశాఖపట్నం వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. 1969లో పోయారు. ఇప్పటికీ అక్కడి ల్యాబ్‌లకి ఆయన పేరే.

ఒకే గురువు. ఆ గురువు దగ్గర పనిచేసిన కొందరు లాస్ అలమోస్ వెళ్లారు, ఒకాయన వాల్తేరు వచ్చి పిల్లలకి పాఠాలు చెప్పాడు. చదువు ఒకటే. ఆ చదువే బాంబు అయితే వాల్తేరులో కూడా బాంబు రావాలి. రాలేదు. ఎందుకు? ఇప్పుడు రెండోది చూద్దాం.

రెండోది సరుకు

మనది వరి పండే నేల కాబట్టి బియ్యంతోనే చెప్తా. భూమిలోంచి తీసిన యురేనియంని వెయ్యి బియ్యపు గింజలు అనుకోండి. అందులో సుమారు 7 గింజలే పనికొస్తాయి. వాటిని యురేనియం 235 అంటారు. మిగతా 993 యురేనియం 238. చేటతో చెరిగితే పొట్టు ఎందుకు పోతుంది? తేలిక కాబట్టి. ఇక్కడ రెండింటి బరువు 235, 238. కెమిస్ట్రీ పరంగా రెండూ ఒకటే. చెరిగితే పోదు, కడిగితే పోదు. ఆ 7 గింజల్ని ఏరడానికి అమెరికా ఓక్ రిడ్జ్ అనే ఒక కొత్త ఊరే కట్టింది.

రెండో దారి ప్లుటోనియం. ఇది గనుల్లో దొరకదు. రియాక్టర్‌లో యురేనియం 238ని న్యూట్రాన్లతో కాలిస్తే పుడుతుంది. దీనికోసం హాన్‌ఫర్డ్ అనే ఇంకో చోట రియాక్టర్లు కట్టారు. మన్‌హట్టన్ ప్రాజెక్టుకి ఆ రోజుల్లోనే దాదాపు 200 కోట్ల డాలర్లు అయింది, లక్ష మందికి పైగా పనిచేశారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం సినిమాలో చూపించిన శాస్త్రవేత్తల మీద కాదు, ఈ ఫ్యాక్టరీల మీద ఖర్చయింది.

1945 జులై 16న మొదటి పరీక్ష. ఆగస్టు 6న హిరోషిమా మీద యురేనియం బాంబు, 9న నాగసాకి మీద ప్లుటోనియం బాంబు. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారని అంచనా. నాగసాకి బాంబులో ఉన్న ప్లుటోనియం 6 కిలోల పైచిలుకు. మనం నెలకి కొనే కందిపప్పు కన్నా కాస్త ఎక్కువ అంతే.

ఇక మన దేశానికి వద్దాం. 1948లోనే అటామిక్ ఎనర్జీ కమిషన్ పెట్టారు, భాభా ఛైర్మన్. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది, కానీ రియాక్టర్ కట్టింది మనవాళ్లే. దాని ఎలక్ట్రానిక్స్ చూసింది అయ్యగారి సాంబశివరావు. అదే మన ఏఎస్ రావు. 1914లో మోగల్లులో పుట్టారు, బనారస్‌లో చదివారు, అమెరికా స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చేసి తిరిగొచ్చి భాభా దగ్గర చేరారు.

రియాక్టర్‌కి కంట్రోల్ సిస్టమ్ ఎందుకంత ముఖ్యం? మన కాలువల సంగతి మీకు తెలుసు. లాకు ఉన్నంతసేపు అది కాలువ, పొలానికి నీళ్లిస్తుంది. గట్టు తెగితే అదే నీళ్లు ఊరిని ముంచుతాయి. రియాక్టర్‌లో జరిగేదీ అదే గొలుసుకట్టు చర్య, బాంబులో జరిగేదీ అదే. రియాక్టర్‌లో ప్రతి క్షణం న్యూట్రాన్లని లెక్కపెట్టి, ఎక్కువైతే కంట్రోల్ రాడ్లు దించి తగ్గిస్తారు. ఆ లెక్కపెట్టే సర్క్యూట్లు, ఆ లాకులు ఏఎస్ రావు బృందం చేసింది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాన్ని నడిపించింది కూడా ఆయనే. మనం ఓటేసే ఈవీఎంలు తయారయ్యే రెండు కంపెనీల్లో ఒకటి అది.

అప్సర చిన్నది. అసలు సరుకు వచ్చింది 1960లో నడక మొదలుపెట్టిన సైరస్ రియాక్టర్ నుంచి. రియాక్టర్ కెనడాది, భారజలం అమెరికాది, శాంతియుత పనులకే వాడతామని మన మాట. అందులో కాలిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే ప్లాంటు కూడా ట్రాంబేలో కట్టారు. 1965 జనవరిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దాన్ని ప్రారంభించారు. అంటే 1960ల మధ్యకి మన దగ్గర విద్య ఉంది, సరుకు రావడం మొదలైంది. అయినా బాంబు లేదు.

మూడోది నిర్ణయం

ఇప్పుడు గుడివాడ. సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. బడి చదువు గుడివాడలో, కాలేజీ హైదరాబాద్ నిజాం కాలేజీలో. 1928లో, అంటే రామన్ ఎఫెక్ట్ బయటపడిన ఏడాదే, కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. కాంతి కణానికి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించిన రామన్, భగవంతం పేపర్ 1930ల మొదట్లో వచ్చింది. అప్పటికి ఈయనకి పాతికేళ్లు కూడా లేవు. మనం ఆ వయసులో బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసుకుంటూ ఉంటాం. ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్, ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్.

1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. ఆ రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లే డీఆర్‌డీఓకి అధిపతి. దౌలత్‌సింగ్ కొఠారి తర్వాత ఈయన రెండో మనిషి. 1969 దాకా ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లు ఎలాంటివో చూడండి. 1962లో చైనాతో యుద్ధం. 1964లో నెహ్రూ మరణం. 1964 అక్టోబర్ 16న లాప్ నార్‌లో చైనా మొదటి అణుపరీక్ష. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో శాస్త్రి మరణం, 13 రోజుల తర్వాత విమాన ప్రమాదంలో భాభా మరణం.

చైనా పరీక్ష జరిగిన ఎనిమిది రోజులకి భాభా ఆలిండియా రేడియోలో మాట్లాడారు. 10 కిలోటన్నుల బాంబుకి 17.5 లక్షల రూపాయలు, 50 బాంబుల నిల్వకి 10 కోట్ల లోపే అవుతుందని లెక్క చెప్పారు. దేశమంతా ఇంత చవకా అనుకుంది. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ఈ లెక్కలో మెలిక నాకు వెంటనే కనపడుతుంది. యాప్ రాయడానికి అయిన ఖర్చు చెప్పి, సర్వర్ బిల్లు చెప్పకపోవడం లాంటిది ఇది. ఆ అంకెలు అమెరికా లెక్కల్లోంచి వచ్చాయి. మనం కట్టాల్సిన రియాక్టర్లు, ప్లుటోనియం ప్లాంట్లు, బాంబుని మోసుకెళ్లే విమానాలు, క్షిపణులు అందులో లేవు.

అప్పుడు దేశంలో తిండికే కటకట. అమెరికా నుంచి పీఎల్ 480 గోధుమలు ఓడల్లో వస్తున్నాయి. శాస్త్రి బాంబు వద్దన్నారు, కానీ శాంతియుత పేలుళ్ల మీద అధ్యయనానికి మాత్రం ఒప్పుకున్నారు. తలుపు పూర్తిగా వేయలేదు, కొంచెం ఓరగా ఉంచారు.

ఇక్కడ భగవంతం ఎక్కడున్నారు? ఇది అర్థం కావాలంటే ఆఫీసు స్ట్రక్చర్ తెలియాలి. అణుశక్తి శాఖ నేరుగా ప్రధాని కింద, అక్కడ భాభా. డీఆర్‌డీఓ రక్షణ శాఖ కింద, అక్కడ భగవంతం. రెండూ వేర్వేరు టీములు, వేర్వేరు బాస్‌లు. ప్లుటోనియం ఒక టీమ్ దగ్గర. పేలుడు పదార్థాల విద్య ఇంకో టీమ్ దగ్గర. ప్లుటోనియం బాంబుకి రెండూ కావాలి, ఎందుకంటే మధ్యలో ఉన్న ప్లుటోనియం గోళాన్ని చుట్టూ ఉన్న పేలుడు పదార్థం అన్ని వైపుల నుంచి ఒకేసారి నొక్కాలి.

భగవంతం హయాంలో డీఆర్‌డీఓ కొత్త ల్యాబులు కట్టుకుంటూ పోయింది. అందులో ఒకటి చండీగఢ్‌లోని టీబీఆర్‌ఎల్. పేలుళ్లని, తూటాల దెబ్బని కొలిచే ల్యాబ్. 1961లో అనుకున్నారు, 1967కల్లా పూర్తిగా పనిలోకి వచ్చింది, 1968 జనవరిలో రక్షణ మంత్రి ప్రారంభించారు. మామూలు ఆయుధాల కోసం కట్టిన ల్యాబ్ అది. భగవంతం 1969లో దిగిపోయారు.

1972లో ఇందిరా గాంధీ పచ్చజెండా ఊపారు. 1974 మే 18 ఉదయం రాజస్థాన్ పోఖ్రాన్‌లో, 107 మీటర్ల లోతులో, మన మొదటి అణు పరికరం పేలింది. ప్లుటోనియం సైరస్‌ది. దాని చుట్టూ పేలుడు పదార్థాల కవచం చేసిపెట్టింది చండీగఢ్ టీబీఆర్‌ఎల్.

ఇదీ అసలు విషయం. విద్య 1930ల నుంచి ఉంది. సరుకు 1960ల మధ్యకి వచ్చింది. రెండు టీముల్ని ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం మాత్రం ఏ శాస్త్రవేత్తా తనంతట తాను చేయలేడు, అది ఒక ప్రధాని చేసింది. తెలిసిన మనుషులు కొద్దిమందే. దేశానికి తెలిసింది పేలిన తర్వాత. దాని ఫలితం మాత్రం అందరికీ తగిలింది. కెనడా అణు సహకారం ఆపేసింది, ప్రపంచ దేశాలు కలిసి అణు సరఫరాదారుల బృందం పెట్టుకున్నాయి, మన రియాక్టర్లకి కావాల్సినవి మనమే చేసుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, ఈసీఐఎల్ మీద బరువు పెరిగింది.

మరి ఇప్పుడు మనకెందుకు ఇది?

ఎందుకంటే డీఆర్‌డీఓ ఇప్పుడు మన ఊరికే వస్తోంది. దివిసీమలో నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న అమరావతి సభ నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇది అణు కేంద్రం కాదు, ఆ రెండూ కలిపి భయపడొద్దు, భయపెట్టొద్దు. కానీ గుడివాడ బడిలో చదివిన మనిషి ఒకప్పుడు నడిపిన సంస్థ, అరవై ఏళ్ల తర్వాత గుడివాడకి కింద, సముద్రం ఒడ్డున దిగుతోంది. రేపు అక్కడ బీటెక్ పిల్లలకి ఉద్యోగాలు రావచ్చు. పరీక్ష ఉన్న రోజు వేటకెళ్లే పడవల సంగతేంటి, ముందుగా ఎవరు చెప్తారు, పోయిన రోజు కూలి ఎవరిస్తారు అని నాగాయలంక మత్స్యకారులు అడిగితే అది దేశద్రోహం కాదు. అది మూడో అంశం, నిర్ణయం గురించి అడగడం. 1974లో అడిగే వీలు లేదు. ఇప్పుడు ఉంది.

ఇంకో మాట మీలో ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లకి. మీరు నేర్చుకున్నది ఎక్కడికి పోతుందో అన్నిసార్లూ మీ చేతిలో ఉండదు. చండీగఢ్‌లో ల్యాబ్ కట్టినవాళ్లు అందులోంచి ఏం వస్తుందో అంతా ముందే రాసిపెట్టుకోలేదు. కానీ నా పని కోడ్ రాయడమే, మిగతాది మేనేజర్ చూసుకుంటాడు అనే మాట చాడ్విక్‌కి నిద్ర తెప్పించలేదు. పని చేస్తూనే ఇది దేనికి వాడతారు అని అడగడం అలవాటు చేసుకోండి.

ఈసారి ఏఎస్ రావు నగర్ స్టాప్ వస్తే పక్కనున్నవాళ్లకి ఈ కథ చెప్పండి. ఆగిరిపల్లిలో, గొరగనమూడిలో చుట్టాలుంటే వాళ్లకి ఈ లింక్ పంపండి. వాళ్ల ఊరి మనిషి గురించి వాళ్లకే తెలియకపోవచ్చు. మళ్లీ వారం కలుద్దాం, ఉంటాను అండి.